దక్షిణ ఇటలీ పల్లెదారుల్లో, తీరం వెంట సైకిల్ ప్రయాణం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడి జవాబుల్లో ఎక్కువ భాగం పూలియా గురించి. పటంలో బూటులా కనిపించే ఇటలీకి మడమ భాగం అది. పక్కనున్న బసిలికాతా ప్రాంతం కూడా అక్కడక్కడా వస్తుంది. రోజుకు 50 నుంచి 80 కి.మీ. నింపాదిగా తొక్కుతూ, మధ్యలో కాఫీకి ఆగుతూ, సాయంత్రానికి ఒక ఊరు చేరేవాళ్ల కోసం రాసినవి. వేగం లెక్కలు చూసుకునేవాళ్లకు ఇందులో పెద్దగా ఏమీ దొరకదు.

దక్షిణ ఇటలీ అంటే చాలా పెద్దది. మొదటిసారి ఎక్కడ తొక్కాలి?

పూలియాలో. నేల చాలాచోట్ల చదునుగా, లేదా చిన్న మిట్టపల్లాలతో ఉంటుంది. పొలాల మధ్య తారు వేసిన సన్నదారులు వలలా అల్లుకుపోయాయి. చాలాచోట్ల పది, పదిహేను కిలోమీటర్లకో ఊరు తగులుతుంది. బారీ నుంచి లెచ్చే దాకా తీరానికి దగ్గరగా రైలుమార్గం ఉంది కాబట్టి కాళ్లు మొరాయించినా ఇల్లు చేరొచ్చు.

అమాల్ఫీ తీరం ఫొటోలు చూసి అక్కడికే వెళ్లాలనుకుంటారు చాలామంది. అందం నిజమే. కానీ రోడ్డు సన్నం, మలుపులు గుడ్డివి, టూరిస్టు బస్సులు తెగవు. ప్రశాంతంగా తొక్కాలంటే అది చోటు కాదు. దానికి దక్షిణాన ఉన్న చిలెంతో తీరం చాలా నయం, అయితే అక్కడ కొండెక్కడం తప్పదు. బసిలికాతా లోపలి రోడ్లు ఇంకా నిర్మానుష్యం, ఇంకా కష్టం. వాటిని రెండో ప్రయాణానికి దాచుకోండి.

తీరం వెంట వెళ్లే రోడ్డే కదా ప్రశాంతంగా ఉండేది?

కాదు. దూరపు కొండలు నునుపన్నట్టు, పటంలో సముద్రానికి ఆనుకుని కనిపించే గీత చాలాసార్లు కార్ల హోరు. బారీ నుంచి దక్షిణంగా వెళ్లే ఎస్‌ఎస్ 16, తర్వాత బ్రిందిసి దాకా సాగే ఎస్‌ఎస్ 379 నాలుగు వరసల వేగపు రోడ్లు. వీటి పక్కనే చాలాచోట్ల 'కొంప్లనారే' అనే సర్వీసు రోడ్డు ఉంటుంది. సైకిళ్లు పోవచ్చు, కానీ పక్కనే లారీల మోత, కాళ్ల కింద గాజుపెంకులు. ఎక్కడో ఒకచోట చెప్పాపెట్టకుండా ఆగిపోతుంది కూడా.

నిజమైన ప్రశాంతత తీరానికి మూడు నాలుగు కిలోమీటర్లు లోపల ఉంది. ఆలివ్ తోటల మధ్య, మట్టీ సున్నమూ లేకుండా పేర్చిన రాతిగోడల నడుమ పోయే దారులవి. ఇలా రాతిగోడ పేర్చే విద్యను 2018లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు, ఇటలీతో పాటు మరో ఏడు దేశాల పేరు మీద. బోర్డు మీద 'కొంత్రాదా' అని కనిపిస్తే అది పల్లె పేటకు పోయే దారని అర్థం. మీకు కావలసింది అలాంటిదే. సముద్రాన్ని చూడాలనుకున్నప్పుడు ఒక అడ్డదారిలో దిగి, చూసి, మళ్లీ లోపలికి రండి.

దీనికి పెద్ద మినహాయింపు ఒత్రాంతో నుంచి లెవుకా దాకా పోయే ఎస్‌పీ 358. ఒకవైపు రాతి కొండ, మరోవైపు నేరుగా నీళ్లలోకి దిగే చరియ. జూలై, ఆగస్టు వదిలేస్తే వారం మధ్యలో అక్కడ వాహనాలు తక్కువ.

సైకిల్‌కు అనుమతి లేని రోడ్డని ఎలా తెలుస్తుంది?

ఆకుపచ్చ బోర్డులున్నవి అవుతోస్త్రాదాలు, చాలావరకు టోల్ రోడ్లు. అక్కడ సైకిల్ నిషేధం. మధ్యలో డివైడర్ ఉన్న పెద్ద వేగపు రోడ్ల మీద కూడా సాధారణంగా అంతే. ఎక్కే దారి మొదట్లో ఎర్ర అంచు గుండ్రటి బోర్డులో సైకిల్ బొమ్మ ఉంటే ముందుకు పోకూడదు. మిగిలిన వాటిలో 'ఎస్‌ఎస్' జాతీయ రోడ్డు, 'ఎస్‌పీ' జిల్లా రోడ్డు. ఎస్‌పీల్లో నూటికి తొంభై పనికొస్తాయి. ఎస్‌ఎస్ అని ఉంటే ముందు పటంలో దగ్గరగా చూసుకోండి.

దారి చూపే యాప్‌ను నమ్ముకోవచ్చా?

సగం వరకు. అవి చేసే తప్పులు మూడు రకాలు. తారు దారి అనుకుని ట్రాక్టర్ బాటలోకి పంపుతాయి. ఇనుపగేటు వేసిన తోట మధ్య నుంచి గీత గీస్తాయి. బసిలికాతాలో అయితే కొండచరియ విరిగి ఏళ్ల తరబడి మూసేసిన రోడ్డును తెరిచే ఉందని చూపిస్తాయి. అక్కడి నేల బంకమట్టి, వానకు జారుతుంది. క్రాకో అనే ఊరు అలా నేల జారడం వల్లే 1963 నుంచి ఖాళీ అయిపోయింది.

అందుకే ముందురోజు రాత్రి మార్గాన్ని శాటిలైట్ చిత్రం మీద ఒకసారి జరిపి చూడండి. తెల్లగా మెరిసే సన్నగీత అయితే మట్టిబాట, బూడిదరంగు అయితే తారు. అనుమానం ఉన్నచోట వీధి ఫొటో తెరవండి. 'స్త్రాదా ఇంతెర్రోత్తా' అంటే రోడ్డు తెగింది, 'ఫ్రానా' అంటే చరియ విరిగింది, 'స్త్రాదా దిస్సెస్తాతా' అంటే గతుకులు. మొదటి రెండూ కనిపిస్తే వెనక్కి తిరగండి. మూడోది మనకు అలవాటే, నెమ్మదిగా పోవచ్చు.

ఏ నెలల్లో వెళ్లాలి?

ఏప్రిల్ మధ్య నుంచి జూన్ మొదటి వారం దాకా, మళ్లీ సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబరు చివరి దాకా. వసంతంలో రోడ్డు అంచులన్నీ గసగసాల ఎర్రపూలతో నిండి ఉంటాయి. శరత్కాలంలో సముద్రపు నీళ్లు ఇంకా వెచ్చగా ఉంటాయి, పొద్దు మాత్రం త్వరగా వాలుతుంది.

జూలై, ఆగస్టుల్లో ఎండ 35 డిగ్రీలు దాటడం మామూలే. 'మేం హైదరాబాదు, విజయవాడ ఎండలు చూసినవాళ్లం' అంటారు. చూసి ఉంటారు, కానీ నీడలో కూర్చుని. దానికితోడు సాలెంతోలో, అంటే మడమ కొసన, నీడే కరువైంది. 2013లో గల్లీపోలి దగ్గర బయటపడ్డ జిలెల్లా అనే బ్యాక్టీరియా లక్షలాది ఆలివ్ చెట్లను ఎండబెట్టింది. పాత ఫొటోల్లో పచ్చటి గొడుగుల్లా కనిపించే తోటలు చాలాచోట్ల ఇప్పుడు బూడిదరంగు మోడులు. నీడ కావాలంటే ఒస్తూని, ఫజానో, మొనోపోలి మధ్యనున్న పాత ఆలివ్ మైదానం వైపు వెళ్లండి. అక్కడ వందల ఏళ్ల నాటి చెట్లు చాలావరకు నిలిచే ఉన్నాయి.

ఆగస్టు 15 చుట్టూ ఇటలీ మొత్తం సెలవులో ఉంటుంది. తీరం రోడ్డు మీద పార్కు చేసిన కార్లే రెండో గోడ. ఆ వారం వద్దు.

రోజులో ఏ వేళ తొక్కాలి?

ఇది దారి ఎంపిక కంటే ముఖ్యం. అదే రోడ్డు పొద్దున ఏడింటికి ఒకలా, పదకొండింటికి ఇంకోలా ఉంటుంది. ఏడు నుంచి పన్నెండు దాకా తొక్కి, భోజనం చేసి, అవసరమైతే నాలుగున్నర తర్వాత మిగిలింది పూర్తి చేయండి.

మధ్యాహ్నం ఒంటి గంట నుంచి నాలుగు, అయిదు దాకా చిన్న ఊళ్లలో దుకాణాలు మూసేస్తారు. సైకిల్ షాపు, మందుల షాపు, కిరాణా అన్నీ. ఆ వేళ రోడ్లు ఖాళీగా ఉంటాయి, తొక్కడానికి హాయే. అయితే మంచినీళ్లు, అరటిపళ్లు పన్నెండున్నరకల్లా కొని పెట్టుకోవాలి. ఆదివారం మధ్యాహ్నం తర్వాత ఏమీ దొరకదనే అనుకోండి. రాత్రి భోజనం ఏడున్నర, ఎనిమిదికి ముందు పెట్టరు. ఆకలికి ఆగలేనివాళ్లు ఆరింటికే బార్‌కు వెళ్లండి. ఇక్కడ బార్ అంటే కాఫీ హోటల్. పొద్దున్నే తెరుస్తారు.

నీళ్లు ఎక్కడ దొరుకుతాయి?

ఊరి కూడళ్లలో పోత ఇనుముతో చేసిన చిన్న కుళాయి స్తంభాలుంటాయి. పూలియా జలవాహిని సంస్థ పెట్టినవి. తాగే నీళ్లే. 'నోన్ పొతాబిలే' అని రాసి ఉంటే మాత్రం తాగకండి. ఊళ్ల మధ్య పొలాల్లో కుళాయిలు ఉండవు, కాబట్టి 750 మి.లీ. సీసాలు రెండు పెట్టుకోండి. ఎండరోజున గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు పడుతుంది. ఇంటి నుంచి ఓఆర్‌ఎస్ పొట్లాలు తెచ్చుకుంటే అంతకంటే మంచి పని లేదు.

గాలి సంగతేమిటి?

చదును నేలలో మీ కొండ గాలే. ఉత్తరం నుంచి వచ్చేది త్రమొంతానా, పొడిగా చల్లగా ఉంటుంది. ఆగ్నేయం నుంచి వచ్చేది షిరోక్కో, ఉక్కపోతతో, ఒక్కోసారి ఆఫ్రికా ఇసుకదుమ్ముతో వస్తుంది. గట్టి ఎదురుగాలి ఉన్నరోజు మీ వేగంలో మూడో వంతు పోయిందని లెక్క వేసుకోండి.

సాలెంతో చుట్టి రావాలంటే ఎటువైపు నుంచి మొదలుపెట్టాలో గాలి చూసి తేల్చుకోవాలి. లెచ్చే, గల్లీపోలి, లెవుకా, ఒత్రాంతో, మళ్లీ లెచ్చే అన్న వరుసలో, అంటే గడియారానికి ఎదురు దిశలో తిరిగితే సముద్రం ఎప్పుడూ మీ కుడిపక్కనే ఉంటుంది. ఇటలీలో కుడివైపు నడపాలి కాబట్టి మీకూ నీటికీ మధ్య కార్లు రావు. చూపుకు ఇదే బాగు. కానీ లెవుకా నుంచి ఒత్రాంతో దాకా ఉన్న కష్టమైన భాగం ఉత్తరానికి పోతుంది. త్రమొంతానా వీస్తుంటే అది నరకం. అలాంటప్పుడు వరుస తిప్పి, ఒత్రాంతో నుంచి కిందికి దిగండి.

సాలెంతోకు నాలుగు రోజుల పథకం చెప్పగలరా?

షిరోక్కో గాని, గాలి లేని రోజులు గాని అనుకుని చెబుతున్నాం. మొదటిరోజు లెచ్చే నుంచి గలతీనా, నార్దో మీదుగా గల్లీపోలి, 45-50 కి.మీ., అంతా చదును. రెండోరోజు గల్లీపోలి నుంచి అయోనియన్ తీరం పక్కగా లెవుకాకు సుమారు 50. ఇసుక బీచ్‌ల దగ్గర తీరం రోడ్డుకు బదులు ఉజెంతో చుట్టుపక్కల పొలం దారులు పట్టుకోండి.

మూడోరోజు అసలైనది. లెవుకా నుంచి ఒత్రాంతో దాకా 50 పైచిలుకు. దూరం చూసి మోసపోకండి. రోడ్డు చరియ మీదికెక్కి, రేవులోకి దిగి, మళ్లీ ఎక్కుతుంది. రోజంతా అదే వరస. చోలో వంతెన దగ్గర కింద లోయలో నీళ్లు కనిపిస్తాయి. త్రికాజే రేవు, కాస్త్రో, శాంతా చెజారియా తెర్మె దాటాక ఇటలీకి తూర్పు కొస అయిన పలాషీయా దీపస్తంభం వస్తుంది. చిన్న రేవు ఊళ్లలో సీజను కాని రోజుల్లో హోటళ్లు మూసి ఉంటాయి, తిండి వెంట ఉండాలి. నాలుగోరోజు ఒత్రాంతో నుంచి అలిమీనీ చెరువుల పక్కగా, లోపలి ఊళ్ల మీదుగా లెచ్చేకు 50 లోపే.

ట్రుల్లీలున్న ఈత్రియా లోయలో తొక్కడం కష్టమా?

తీరం నుంచి ఎక్కేటప్పుడు మాత్రమే. లోయ అని పేరే గాని అది 400 మీటర్ల ఎత్తున ఉన్న పీఠభూమి. ఫజానో నుంచి సెల్వాకు ఎక్కే దారి 5-6 కి.మీ.లో దాదాపు 300 మీటర్లు ఎక్కుతుంది. ముందు 34 పళ్ల చక్రం, వెనక 32 పళ్ల చక్రం ఉంటే సామానుతో కూడా దిగకుండా ఎక్కొచ్చు.

పైకి చేరాక అల్బెరొబెల్లో, లోకొరోతొందో, మార్తీనా ఫ్రాంకా, చిస్తెర్నీనో అన్నీ పక్కపక్కనే, ఒక్కొక్కటి పది కి.మీ. లోపు. ట్రుల్లీ అంటే రాతిపలకలు శంకువులా పేర్చిన కప్పున్న ఇళ్లు. అల్బెరొబెల్లోలోవి 1996 నుంచి యునెస్కో జాబితాలో ఉన్నాయి, జనమూ అక్కడే. కానీ ఆ ఊళ్ల మధ్య దారుల్లో ద్రాక్షతోటల నడుమ ఇలాంటివి లెక్కలేనన్ని, చూసే జనం లేకుండా. ఊళ్లను కలిపే ఎస్‌ఎస్ 172 వదిలేసి కొంత్రాదా దారులే పట్టండి. చిస్తెర్నీనో నుంచి ఒస్తూనికి దిగేటప్పుడు బ్రేకు తప్ప వేరే పని ఉండదు.

జలవాహిని సైకిల్ దారి అంటే ఏమిటి? మామూలు రోడ్డు సైకిల్ సరిపోతుందా?

కంపానియాలోని కపొసేలే ఊటల నుంచి పూలియాకు నీళ్లు తెచ్చే కాలువ పని 1906లో మొదలైంది, 1915లో బారీకి నీళ్లు చేరాయి. ఆ కాలువ నిర్వహణ కోసం వేసిన బాటను లెవుకా దాకా, సుమారు 500 కి.మీ., సైకిల్ మార్గంగా మార్చే పథకం ఉంది. ఇంకా మొత్తం ఒకే తాడులా కలవలేదు. చిస్తెర్నీనో, చెల్యే మెస్సాపికా పరిసరాల్లోని భాగం బాగా తయారైంది. కార్లు రావు, ఎత్తుపల్లాలు దాదాపు లేవు, చుట్టూ ఓక్ చెట్లు.

కింద తారు కాదు, దిమ్మిసతో అణిచిన కంకర. 28 మి.మీ. టైరుతో ఎండరోజు నెట్టుకురావచ్చు గాని చేతులు జివ్వుమంటాయి. 38-40 అయితే సుఖం.

టైర్లు, గాలి ఎంత ఉండాలి?

తారు మీదికి 32 మి.మీ. ఉత్తమం. 75 కిలోల మనిషికి వెనక 60, ముందు 55 పీఎస్‌ఐ చాలు. సామాను ఉంటే వెనక ఇంకో అయిదు. వంద కొట్టించుకుని గతుకుల్లో పళ్లు కదిలించుకోవద్దు. టైరు పక్కన రాసిన గరిష్ఠ పరిమితి మాత్రం దాటకండి. వాల్వు సన్నదైతే పెట్రోలు బంకు గాలిగొట్టం దానికి పట్టదు. చిన్న ఇత్తడి అడాప్టర్ ఒకటి జేబులో ఉంచుకోండి.

పంక్చర్లు ఎక్కువగా అవుతాయా?

వేసవి చివర్లో అవుతాయి. కారణం మనకు బాగా తెలిసినదే: పల్లేరు కాయ. అదే మొక్క, అదే ముల్లు. ఎండిన రోడ్డు అంచుల్లో, కార్లు ఆపే ఖాళీస్థలాల్లో రాలి ఉంటుంది. సైకిల్ ఆపి పక్కకు నెట్టినప్పుడే ఎక్కువగా గుచ్చుకుంటుంది. ఆగినచోట సైకిల్‌ను ఎత్తి పెట్టండి, నెట్టకండి. ముల్లు కనిపిస్తే టైరు లోపలివైపు వేలితో మొత్తం తడిమి చూశాకే కొత్త ట్యూబు వేయండి. ఒక్క ముల్లు మిగిలినా అది కూడా పోతుంది.

వెంట ఉండాల్సినవి: రెండు ట్యూబులు, ప్యాచ్ డబ్బా, రెండు టైరు లీవర్లు, చేతిపంపు, చైను విప్పే పనిముట్టు ఉన్న మల్టీటూల్, ఒక చైను లింకు, టైరు చీలితే లోపల పెట్టడానికి పాత టైరు ముక్క. 'గొమ్మిస్తా' అని బోర్డుంటే టైర్ల షాపు. కార్లవాళ్లదే అయినా గాలి కొట్టడానికి కాదనరు.

కుడివైపు నడపడం అలవాటవుతుందా?

గంటలో అలవాటవుతుంది. ప్రమాదం ఎక్కడంటే, ఖాళీ రోడ్డు మీద ఫొటో తీసుకుని మళ్లీ బయలుదేరినప్పుడు. ఎదురుగా ఎవరూ లేకపోతే మన చేతులు మనల్ని ఎడమవైపుకే తీసుకెళ్తాయి. బయలుదేరే ముందు ప్రతిసారీ కుడి అని పైకే అనుకోండి. రౌండబౌట్‌లో అపసవ్యంగా తిరగాలి.

ఇంకొకటి చాలామందికి తట్టదు. అక్కడి సైకిళ్లకు సాధారణంగా ఎడమచేతి బ్రేకు ముందు చక్రానిది, మన దగ్గర ఎక్కువగా కుడిచేతిది. అద్దె సైకిల్ తీసుకోగానే రెండు బ్రేకులూ నిలబడి నొక్కి చూడండి. పల్లంలో తెలుసుకోవాల్సిన విషయం కాదిది.

బోర్డేమీ లేని కూడలిలో కుడివైపు నుంచి వచ్చేవారిదే ముందు హక్కు. రాతిగోడల మధ్య వాళ్లు మీకు కనిపించరు, కాబట్టి ప్రతి కూడలికీ వేగం తగ్గించి బెల్లు కొట్టండి. ఊరి బయట ఒకరి వెనక ఒకరు పోవాలి. బెల్లు, చీకట్లో ముందు తెల్ల దీపం, వెనక ఎర్ర దీపం తప్పనిసరి. ఊరి బయట చీకటి వేళ, సొరంగాల్లో ఎప్పుడైనా మెరిసే జాకెట్ వేసుకోవాలి. పెద్దవాళ్లకు హెల్మెట్ చట్టప్రకారం తప్పనిసరి కాదు, అయినా పెట్టుకోండి. 2024 చివర్లో మారిన చట్టం ప్రకారం కారు మిమ్మల్ని దాటేటప్పుడు, రోడ్డు అనుమతించినచోట, మీటరున్నర ఎడం ఇవ్వాలి. సన్నదారుల్లో అంత వెడల్పే ఉండదు. మీరే ఓ గేటు దగ్గర ఆగి దారిస్తే చెయ్యూపి వెళ్తారు.

ఈ దారుల్లో మీకు ఎక్కువగా ఎదురయ్యేది ఆలివ్ బుట్టలు వేసుకున్న మూడు చక్రాల బండి. మన ఊళ్లలో తిరిగే అదే ఆపే ఆటో. ఇటాలియన్‌లో ఆపే అంటే తేనెటీగ. 1948లో అక్కడే పుట్టింది.

వాన పడితే?

రెండు చోట్ల జాగ్రత్త. పాత ఊళ్లలో వీధులకు పరిచిన సున్నపురాతి పలకలు మన నాపరాళ్లలాంటివే, శతాబ్దాల నడకకు అరిగి నున్నబడ్డాయి. తడిస్తే సబ్బు. దిగి నడవండి. పొలాల మధ్య ఎర్రమట్టి రోడ్డు మీదికి కొట్టుకొచ్చినచోట మలుపులో బ్రేకు వేయకండి, మలుపుకు ముందే వేయండి.

కుక్కలు వెంటపడతాయా?

తీరంలో అరుదు. పూలియా లోపలి ముర్జా పీఠభూమిలో, బసిలికాతాలో గొర్రెల మందల దగ్గర తెల్లటి పెద్ద కాపలా కుక్కలుంటాయి. వాటి పని మందను కాయడం, మిమ్మల్ని కరవడం కాదు. మంద కనిపించగానే వేగం తగ్గించండి. కుక్క వస్తే దిగి, సైకిల్‌ను మధ్యలో పెట్టుకుని, దాని కళ్లలోకి చూడకుండా మెల్లగా నడుస్తూ మంద నుంచి దూరంగా పోండి. ఎత్తుమీద పరుగు పందెం పెట్టుకుంటే గెలిచేది అదే.

కుక్కల కంటే ఎక్కువగా మరిచిపోయేది వేట సీజను. సెప్టెంబరు మూడో ఆదివారం నుంచి జనవరి చివరిదాకా తుపాకుల చప్పుడు వినిపిస్తుంది. మంగళ, శుక్రవారాల్లో వేట నిషేధం. మిగిలిన రోజుల్లో, ముఖ్యంగా ఆదివారం పొద్దున, అడవి దారుల్లో కొట్టొచ్చే రంగు చొక్కా వేసుకోండి.

శాకాహారులకు తిండి దొరుకుతుందా?

ఇటలీలో శాకాహారికి పూలియా కంటే మంచి చోటు అరుదు. ఫావా గింజల పప్పుముద్ద మీద ఉడికించిన చికోరీ ఆకుకూర పెట్టి ఆలివ్ నూనె పోస్తారు. పప్పూ ఆకుకూరా కలిపి తిన్నట్టే ఉంటుంది. సాలెంతోలో శనగలతో చేసే పాస్తా ఉంది. బారీ ఫొకాచ్చా మీద టమాటా, ఆలివ్‌లే. ఫ్రిసెల్లా అనే గట్టి రొట్టె చక్రం సైకిల్ సంచిలో వారమైనా పాడవదు. క్షణం నీళ్లలో ముంచి, టమాటా పులిమి, నూనె, ఉప్పు వేస్తే మధ్యాహ్నం గడిచిపోతుంది.

తెలియకుండా జరిగే పొరపాట్లు ఇవి. ముల్లంగాకులాంటి ఆకుతో చేసే ఒరెక్కియెత్తె పాస్తాలో తరచూ అంచోవీ చేప కరిగి ఉంటుంది, కంటికి కనబడదు. 'సెన్సా అచ్చూగె' అని ముందే చెప్పండి. కొన్ని పిండివంటల్లో పందికొవ్వు వాడతారు. పొట్లం మీద 'స్త్రుత్తో' అని ఉందేమో చూడండి. లెచ్చేలో దొరికే పస్తిచ్చోత్తోలో గుడ్డు ఉంటుంది. పార్మిజానో చీజ్ తయారీలో దూడ కడుపులోని రెన్నెట్ వాడతారు, పట్టింపు ఉన్నవాళ్లు దాన్నీ వద్దనాలి. 'సెన్సా కార్నె, సెన్సా పెషె' అంటే మాంసం, చేప లేకుండా.

సైకిల్‌ను రైల్లో ఎక్కించొచ్చా?

సైకిల్ గుర్తున్న ప్రాంతీయ రైళ్లలో విడదీయకుండానే ఎక్కించొచ్చు. రోజుకు 3.50 యూరోల సైకిల్ టికెట్ మామూలు, కొన్ని ప్రాంతాల్లో ఉచితం. చోటు తక్కువ, మొదటి స్టేషన్లోనే ఎక్కడం మేలు. కాగితపు టికెట్ అయితే ప్లాట్‌ఫారం మీది యంత్రంలో ముద్ర వేయించడం మరవకండి.

ఫ్రెచ్చారోస్సా వంటి వేగపు రైళ్లలో మాత్రం విడదీసి, 110 × 80 × 45 సెం.మీ. మించని సంచిలో పెట్టాలి. విమానానికి వాడే గట్టి పెట్టె ఇందులో పట్టదు. రోమ్‌లో దిగి పెట్టెతో బారీ రైలు ఎక్కుదామనుకునేవాళ్లు ఇక్కడే ఇరుక్కుంటారు.

హైదరాబాదు నుంచి సైకిల్ తీసుకెళ్లాలా, అక్కడే అద్దెకు తీసుకోవాలా?

వారం, పది రోజులైతే అద్దె. లెచ్చే, ఒస్తూని, మొనోపోలి వంటి ఊళ్లలో దొరుకుతాయి. ముందే మెయిల్ చేసి మీ ఎత్తు, కాలి పొడవు, టైరు వెడల్పు, వెనక గేర్లలో పెద్దచక్రం పళ్లు ఎన్ని, సామాను తగిలించడానికి క్యారియర్ ఉందా అని అడగండి. సొంత పెడళ్లు, సీటు తీసుకెళ్తే చాలు, సగం సొంత సైకిల్ అయిపోతుంది. పెడల్ విప్పేటప్పుడు ఎడమదానికి మర తిరగబడి ఉంటుందని గుర్తుంచుకోండి.

మూడు వారాలు దాటితే సొంతదే లాభం. బారీ లేదా బ్రిందిసికి టికెట్ తీసుకుని, మొదటిరోజు, చివరిరోజు ఒకే బసలో ఉండేలా చూసుకుంటే పెట్టెను అక్కడే వదలొచ్చు. విమానంలో వేసేముందు గేరు మార్చే డెరైల్యూర్‌ను విప్పి వెనక ఫ్రేము కడ్డీల మధ్యలో కట్టండి. వంగిపోయేది ఎప్పుడూ దాని కొక్కెమే, అలాంటి కొక్కెం ఒకటి అదనంగా ఉంచుకోండి. పల్లె షాపులో మీ మోడల్‌ది దొరకదు.

భారత పాస్‌పోర్టుకు షెంగెన్ వీసా కావాలి. దానికి కనీసం 30,000 యూరోల వైద్యబీమా అడుగుతారు. ఆ పాలసీలో సైకిల్ తొక్కుతూ పడితే వర్తిస్తుందో లేదో విడిగా చదివి చూసుకోండి.

దారిలో పడి దెబ్బ తగిలితే ఎవరికి ఫోన్ చేయాలి?

112. ఎక్కడున్నారో చెప్పడానికి రోడ్డు పక్కన కిలోమీటరు రాయి మీది రోడ్డు నంబరు, కిలోమీటరు సంఖ్య చదవండి. పొలం దారిలో అయితే ఫోన్ చూపించే అక్షాంశ రేఖాంశాలు చదవండి. గీసుకుపోవడం వంటి చిన్న దెబ్బలకు ఆకుపచ్చ ప్లస్ గుర్తున్న మందుల షాపు చాలు. మూసి ఉంటే ఆ రాత్రి తెరిచి ఉండే షాపు ఏదో తలుపు మీద కాగితం అంటించి ఉంటుంది.